వంటింటిదాకా వినిపించే బాణీ

1964 అక్టోబర్ 16న లండన్‌లో మార్బుల్ ఆర్చ్ దగ్గర, ‘పై’ అనే రికార్డుల కంపెనీ స్టూడియోలో, పెట్యులా క్లార్క్ ఒక పాట పాడింది. పేరు ‘డౌన్‌టౌన్’. మూడు వారాలు తిరగకముందే, నవంబర్ 2న, బర్మింగ్‌హామ్‌లో తీసిన ‘క్రాస్‌రోడ్స్’ అనే సీరియల్ బ్రిటన్ టెలివిజన్‌లో మొదలైంది. పాట 1965 జనవరికల్లా అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. సీరియల్ 1988 దాకా నడిచింది. ఆ పాట రాసి, బాణీ కట్టి, వాద్యాలు కూర్చి, రికార్డింగ్ దగ్గరుండి చేయించిందీ, ఆ సీరియల్‌కి ముందు వినబడే సంగీతం చేసిందీ ఒక్కరే. టోనీ హాచ్. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదేళ్ళు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి వింటే నాకు ముందుగా తట్టేది ఆయన కొలత. బాణీ కట్టేవాళ్ళలో చాలామంది తమ మనసులో ఏముందో అక్కడ మొదలుపెడతారు. హాచ్ మాత్రం వినేవాళ్ళు ఎక్కడున్నారో అక్కడ మొదలుపెడతారు. రేడియో పక్కన ఒంటరిగా కూర్చున్న మనిషికి ఏం కావాలి? పొయ్యి మీద గిన్నె పెట్టి, టీవీ ఉన్న గదిలోకి ఒక చెవి వేసి ఉన్న మనిషికి ఏం కావాలి? టికెట్ కొనుక్కుని నాటకశాలలో చీకట్లో కూర్చున్న మనిషికి ఏం కావాలి? ముగ్గురికీ ఆయన వేర్వేరు జవాబులు ఇచ్చారు. మొదటి ఇద్దరికీ ఇచ్చినవి ఇంచుమించు లోటు లేనివి. మూడో జవాబు దగ్గర కొంత తడబడ్డారు. ఆ తడబాటు కూడా ఆసక్తిగా ఉంటుంది.

పుట్టింది 1939 జూన్ 30న, లండన్ పక్కనున్న పిన్నర్‌లో. చదువు చర్చి గాయకులను తయారుచేసే బడిలో. పదో తరగతి వయసు దాటగానే చదువు మానేసి, లండన్‌లో పాటలు అచ్చేసి అమ్మే ఒక కంపెనీలో టీలు అందించే కుర్రాడిగా చేరారు. ఆ తర్వాత రికార్డు కంపెనీల్లో సహాయకుడి పని. మధ్యలో అందరిలాగే సైన్యంలో తప్పనిసరి సేవ. అది కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ బ్యాండ్‌లో. ఈ మూడు చోట్లా ఆయనకు దొరికినదాన్ని చిన్నచూపు చూడకూడదు. నలుగురి గొంతులు కలిస్తే ఏమవుతుందో బడి నేర్పింది. జనం ఏ పాటకి డబ్బు పెడతారో ఆ కంపెనీ నేర్పింది. ట్రంపెట్లూ ట్రాంబోన్లూ ఎప్పుడు నోరు తెరవాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు మూసుకోవాలో బ్యాండు నేర్పింది. తర్వాత వచ్చిన ప్రతి పాటలోనూ ఈ మూడు పాఠాలూ వినిపిస్తాయి.

పేరు కోసం పాకులాడే మనిషి కాదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1963లో లివర్‌పూల్ కుర్రాళ్ళ బృందం ‘ది సెర్చర్స్’కి ఆయన నిర్మాత. వాళ్ళ మొదటి రికార్డు ‘స్వీట్స్ ఫర్ మై స్వీట్’ బ్రిటన్‌లో మొదటి స్థానం కొట్టింది. రెండోదానికి అదే ఒరవడిలో ‘షుగర్ అండ్ స్పైస్’ అనే పాట ఆయనే రాశారు. నిర్మాతే తన పాట తెచ్చి పాడమంటే కుర్రాళ్ళు మొహమాటపడతారనో, మొండికేస్తారనో, రాసింది ఫ్రెడ్ నైటింగేల్ అనే ఆయన అని చెప్పారు. అలాంటి మనిషి ఎవరూ లేరు. పాట రెండో స్థానానికి వెళ్ళింది. అంతకుముందే ‘లుక్ ఫర్ ఎ స్టార్’కి, బాబీ రైడెల్ పాడిన ‘ఫర్గెట్ హిమ్’కి కూడా మార్క్ ఆంథనీ అని ఇంకో పేరు పెట్టుకున్నారు. పాట నిలిస్తే చాలు, కింద సంతకం ఎవరిదైనా ఫరవాలేదన్నది ఆయన ధోరణి.

ఇక ‘డౌన్‌టౌన్’. 1964లో హాచ్ మొదటిసారి న్యూయార్క్ వెళ్ళారు. ఒక సాయంత్రం సెంట్రల్ పార్క్ వైపు నుంచి నడుచుకుంటూ టైమ్స్ స్క్వేర్ చేరి, ఆ దీపాల వెలుగుల మధ్య నిలబడ్డప్పుడు బాణీ మొదలైంది. తాను నిలబడ్డదే డౌన్‌టౌన్ అనుకున్నారు. న్యూయార్క్‌వాళ్ళ లెక్కలో డౌన్‌టౌన్ అక్కడికి చాలా దక్షిణంగా ఉంటుంది. పాటకు దానివల్ల నష్టమేమీ రాలేదు. పాటలో ఏ వీధి పేరూ లేదు, ఏ ఊరి పేరూ లేదు. దీపాలు వెలిగే ఏ ఊరి నడిబొడ్డుకైనా అది సరిపోతుంది.

పెట్యులా అప్పుడు పారిస్‌లో కాపురం ఉంటోంది. ఫ్రెంచి పాటలతో అక్కడ పెద్ద గాయని. ఇంగ్లీషులో మళ్ళీ పాడించాలని హాచ్ కొన్ని పాటలు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళారు. ఒక్కటీ ఆమెకు నచ్చలేదు. నీ సొంతానివి ఏమైనా ఉన్నాయా అని అడిగితే, మాటలు ఇంకా పూర్తికాని ఈ బాణీని పియానో మీద వాయించారు. ఆమె టీ పెట్టడానికి వంటింట్లో ఉంది. అక్కడినుంచే విని బయటికొచ్చి, దీనికి మాటలు రాయి, నేను పాడతాను అంది. ఒక బాణీకి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది! ఎదురుగా కూర్చుని శ్రద్ధగా వినే మనిషిని ఆకట్టుకోవడం ఒక ఎత్తు. గోడ అవతల కెటిల్ చప్పుడు మధ్య ఉన్న మనిషిని గదిలోకి రప్పించడం ఇంకో ఎత్తు. రికార్డింగ్ రోజున కూడా చివరి మాటలు స్టూడియో మరుగుదొడ్డిలో కూర్చుని సరిచేసుకున్నానని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

ఇప్పుడు పాటని కాస్త దగ్గరగా విందాం. మొదట పియానో ముందుంటుంది. గొంతు ఎత్తుగడ చాలా కింద, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నంత తేలిగ్గా. మొదటి సంగతే ఒంటరితనం. సంబరాల పాట అని పేరుపడ్డ ఈ పాట దిగులుతో మొదలవుతుందని చాలామందికి గుర్తుండదు. చిన్న చిన్న మాటలు వరసగా, ఊపిరి తీసుకునే తీరిక ఇవ్వకుండా వచ్చి, పేరు మాట దగ్గర ఆగుతాయి. అక్కడ గొంతు విచ్చుకుంటుంది. పల్లవి అంటే నిజానికి ఆ ఒక్క మాటే. ఆ మాటలోని అచ్చులు నోరు బాగా తెరిచి పలికేవి కాబట్టి గాయని ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలపగలదు. ముందు పరుగు, తర్వాత నిలకడ. పాట మొత్తం ఈ రెండింటి మీదే నడుస్తుంది.

ఆ పైన వాద్యాలు. వయొలిన్లు, చెల్లోలు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, పిల్లనగ్రోవి జాతి వాద్యాలు, గిటార్లు, డ్రమ్స్, వెనకపాటకు ‘ది బ్రేక్‌అవేస్’ అనే అమ్మాయిల బృందం. గిటార్ పట్టిన కుర్రాళ్ళలో ఒకరు జిమ్మీ పేజ్, తర్వాతి రోజుల్లో లెడ్ జెప్లిన్ స్థాపించినాయన. అందరూ ఒకే హాల్లో, ఒకేసారి వాయిస్తూ రికార్డు చేశారు. ఇంతమంది ఉన్నా గాయని మాట ఒక్కటి కూడా మునగదు. ఆమె పాడుతున్నప్పుడు వాద్యాలు కాళ్ళ కింద నేలలా ఉంటాయి, ఆమె ఊపిరి తీసుకునే సందుల్లో లేచి జవాబు చెబుతాయి. ఒక్కో చరణానికి ఒక్కో వరస వాద్యాలు వచ్చి చేరతాయి. చివరికి పూర్తి ఆర్కెస్ట్రా వెలిగిపోయి, పాట దూరమవుతుంటే ఒక ట్రంపెట్ తన ఇష్టం వచ్చినట్టు ఆడుకుంటూ పోతుంది. ఇంట్లోంచి బయలుదేరిన మనిషి మెల్లగా దీపాల్లోకి నడుచుకుంటూ వెళ్ళడమే ఈ కూర్పు. మాటలు తీసేసి వాద్యాలు మాత్రమే విన్నా ఆ నడక తెలుస్తుంది. అందుకే ఆయన్ని పాటల రచయిత అని మాత్రమే అంటే నాకు తృప్తిగా ఉండదు. బాణీ, మాట, వాద్యం మూడూ ఒకే తలలో ఒకేసారి పుట్టినప్పుడు మాత్రమే ఇలాంటి అతుకు కనబడని పని సాధ్యం.

అమెరికా హక్కులు వార్నర్ బ్రదర్స్ కంపెనీకి చెందిన జో స్మిత్ లండన్ వచ్చినప్పుడు విని తీసుకున్నారు. ఇది మరీ ఇంగ్లీషువాళ్ళ పాటలా ఉందేమో, అమెరికన్లు ఒప్పుకుంటారా అని హాచ్‌కి అనుమానం. పాట ఆ ఏడాది గ్రామీ తెచ్చుకుంది. 1952లో వెరా లిన్ తర్వాత అమెరికా జాబితాలో మొదటి స్థానానికి చేరిన మొదటి బ్రిటిష్ గాయని పెట్యులా. బ్రిటన్‌లో మాత్రం రెండో స్థానం దగ్గరే ఆగింది, పైన బీటిల్స్ ఉన్నారు.

ఆ బాకీ మరుసటి ఏడాది తీరింది. హాచ్ జీవితంలోకి జాకీ ట్రెంట్ వచ్చింది. స్టాఫర్డ్‌షైర్‌లో న్యూకాజిల్-అండర్-లైమ్‌కి చెందిన గని కార్మికుడి కూతురు, చిన్నప్పటినుంచీ స్టేజీ ఎక్కిన గాయని. ఇద్దరూ కలిసి ‘ఇట్స్ డార్క్ అవుట్‌సైడ్’ అనే టీవీ సీరియల్ కోసం ‘వేర్ ఆర్ యు నౌ’ అనే పాట చేశారు. సీరియల్లో విన్నవాళ్ళు రికార్డు కోసం దుకాణాలకు వెళ్ళారు. 1965 మేలో అది బీటిల్స్ ‘టికెట్ టు రైడ్’ని దింపి మొదటి స్థానంలో కూర్చుంది. టీవీ గదికీ పాటల దుకాణానికీ మధ్య దారి ఉందని హాచ్ చేతిలో అక్షరాలా రుజువైంది. 1967లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. అప్పటినుంచీ మాటల్లో ఎక్కువ పాలు జాకీది. ఆమె మాటలు ఇంట్లో మాట్లాడుకునే మాటలే. హాచ్ బాణీలు ఎంత పైకెగిరినా నేలని వదలకపోవడానికి ఆమె ఒక కారణమని నా నమ్మకం. స్కాట్ వాకర్ 1968లో పాడిన ‘జోవానా’ వినండి. ఆ లోతైన గొంతుకు తగ్గట్టు పెద్ద ఆర్కెస్ట్రా ఉంది, మాటలేమో పాత పరిచయస్తురాలికి రాసుకున్న ఉత్తరంలా ఉంటాయి.

చేతిపని పరంగా నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది 1967 నాటి ‘డోంట్ స్లీప్ ఇన్ ది సబ్‌వే’. హాచ్ దగ్గర విడివిడిగా పూర్తికాకుండా పడి ఉన్న మూడు బాణీ ముక్కలు ఉన్నాయి. ఒకటి మామూలు పాప్ నడక. రెండోది సింఫనీ పోకడ ఉన్నది, గంభీరంగా మెట్లెక్కేది. మూడోది బీచ్ బాయ్స్ తరహాలో గొంతులు అలలుగా పరుచుకునేది. ఆ మూడింటినీ తెచ్చి ఒక పాట చేశారు. ఇలాంటి పని ఎవరు చేసినా మామూలుగా కుట్లు కనబడతాయి. ఇక్కడ కనబడకపోవడానికి కారణం కథ. కోపంతో విసవిసా బయటికి పోతున్న మనిషిని వెనక్కి పిలిచే పాట ఇది. మొదటి భాగంలో దెప్పిపొడుపు ఉంది. రెండో భాగంలో ఆమె నిజంగా చెప్పదలచుకున్నది ఉంది. మూడో భాగంలో బతిమాలడం ఉంది. మనిషి మనసు మూడుసార్లు మారుతుంది కాబట్టి సంగీతం మూడుసార్లు మారడం సహజంగా అనిపిస్తుంది. పెట్యులా కూడా ఒక్కో భాగానికి గొంతు మార్చి పాడింది. దీని పక్కన అమెరికాలో మొదటి స్థానం కొట్టిన ‘మై లవ్’ నాకు చప్పగా ఉంటుంది. పెట్యులాకూ ఆ పాట నచ్చలేదు, విడుదల చెయ్యొద్దని బతిమాలిందట.

టీవీ సంగీతానికి వస్తే అక్కడి లెక్క వేరు. పాప్ పాట వినేవాడి చేత మళ్ళీ వినాలనిపించుకోవాలి. సీరియల్ ముందు వచ్చే సంగీతం అతను అడగకుండానే వస్తుంది, వారం తర్వాత వారం, ఏడాది తర్వాత ఏడాది. మొదటి రోజు వినగానే అదిరిపోయింది అనిపించేది వందో రోజుకి విసుగెత్తిస్తుంది. పోనీ మరీ మెత్తగా ఉందా, వంటింట్లో ఉన్నవాళ్ళకు వినిపించదు. వ్యవధి కూడా ఎంతో ఉండదు. పైగా అది ముందుగా పిలవాలి, తర్వాత పక్కకు తప్పుకోవాలి, మధ్యలో కథ ఏ ఊరిదో, ఏ జాతి కథో చెప్పాలి.

‘క్రాస్‌రోడ్స్’ మొదట్లో వారానికి అయిదు రోజులు వచ్చేది. హాచ్ దానికి గిటార్, ఓబో, హార్ప్ వాడారు. గిటార్ మొదటి స్వరాలు తలుపు తట్టినట్టు గట్టిగా ఉంటాయి. వెనక మిగతావి వెచ్చగా, నెమ్మదిగా వస్తాయి. విమర్శకులు ఆ సీరియల్ని ఎంత ఏకిపారేసినా ఆ బాణీని ఏమీ అనలేకపోయారు. పాల్ మకార్ట్‌నీ తన ‘వింగ్స్’ బృందంతో 1975లో తెచ్చిన ‘వీనస్ అండ్ మార్స్’ ఆల్బమ్‌ని ఆ బాణీతోనే ముగించారు. తర్వాత విషాదంగా ముగిసే ఎపిసోడ్లకు సీరియల్‌వాళ్ళే ఆ మకార్ట్‌నీ కూర్పును వాడుకున్నారు. తనను మొదటి స్థానం నుంచి ఆపిన బీటిల్స్‌లోని మనిషే వచ్చి తన బాణీ వాయించడం హాచ్‌కి దక్కిన గౌరవాల్లో పెద్దదని నేననుకుంటాను.

ఆయన ఎన్ని రకాలు చేశారో చూడండి. ‘ది ఛాంపియన్స్’ అనే గూఢచారుల సీరియల్‌కి పరుగెత్తే సంగీతం, బీబీసీ ‘స్పోర్ట్స్‌నైట్’కి డ్రమ్సూ ఇత్తడి వాద్యాలూ కలిసి రాత్రిపూట స్టేడియం దీపాలు వెలిగించినట్టుండే సంగీతం, ‘మిస్టర్ అండ్ మిసెస్’ అనే దంపతుల పోటీకి జాకీ పాడిన సరదా పాట. కానీ అన్నిటికన్నా పైన నేను పెట్టేది ‘ఎమర్‌డేల్ ఫార్మ్’. 1972 అక్టోబర్ 16న, సరిగ్గా ‘డౌన్‌టౌన్’ రికార్డయిన తేదీనే, యార్క్‌షైర్ టెలివిజన్ మధ్యాహ్నం పూట మొదలుపెట్టిన పల్లెటూరి కథ అది. మొదటి ఎపిసోడ్ ఇంటి పెద్దాయన అంత్యక్రియలతో మొదలవుతుంది. హాచ్ అక్కడ ఓబోని ముందుకు తెచ్చారు. రెండు రెల్లు ముక్కలు జోడించి పెదాల మధ్య పెట్టుకుని ఊదే వాద్యం అది. ఆ మాటకొస్తే మన సన్నాయీ నాదస్వరమూ ఆ కుటుంబానివే. ఓబోకి ఒక గుణం ఉంది. ఎంత సంతోషంగా వాయించినా దాని నాదంలో కొంచెం దిగులు మిగిలిపోతుంది. పొలాలు, రాతిగోడలు, గొర్రెలు, అప్పుల్లో ఉన్న కుటుంబం. ఆ కథకు ఏ వాద్యం నప్పుతుందో ఆయనకు తెలిసింది. వెనక తీగవాద్యాలు పరిచారే తప్ప ఎక్కడా గొంతు పెంచలేదు. సీరియల్ పేరులో ‘ఫార్మ్’ పోయింది, కథలో విమానం కూలింది, వాద్యాల కూర్పు ఎన్నోసార్లు మారింది, బాణీ మారలేదు. ఇప్పటికీ అదే.

1970ల్లో ‘న్యూ ఫేసెస్’ అనే కొత్త గాయకుల పోటీలో న్యాయనిర్ణేతగా ఆయన మొహం దేశమంతటికీ తెలిసింది. నిర్మొహమాటంగా మాట్లాడతాడని పత్రికలవాళ్ళు ఆయన ఇంటిపేరుతోనే ‘హాచెట్ మ్యాన్’ అని పేరు పెట్టారు. పని తెలిసిన మనిషి పని చూసి మాట్లాడటం అది. కటువుగా వినిపించడంలో వింత లేదు.

నాటకశాల మీద ఆయనకూ జాకీకీ మొదటినుంచీ ఆశ ఉంది. 1973లో లండన్ క్వీన్స్ థియేటర్‌లో ‘ది కార్డ్’ వేశారు. ఆర్నాల్డ్ బెన్నెట్ నవల ఆధారం. కీత్ వాటర్‌హౌస్, విల్లిస్ హాల్ నాటకీకరించారు. జిమ్ డేల్ హీరో, నిర్మాత అప్పటికింకా కుర్రవాడైన కామెరాన్ మెకింటాష్. కథ జరిగేది స్టాఫర్డ్‌షైర్ కుండల పరిశ్రమ ఊళ్ళలో, అంటే జాకీ పుట్టిపెరిగిన సీమలో. బట్టలుతికే ఆవిడ కొడుకు డెన్రీ, ఆఫీసులో గుమాస్తా, జమీందారిణి ఇచ్చే విందు ఆహ్వానితుల జాబితాలో తన పేరు తనే చేర్చుకుని, ఆమెతో డాన్స్ చేసి, అక్కడినుంచి ఎదుగుతూ ఎదుగుతూ మేయర్ అవుతాడు. హాచ్‌కి ఇంతకన్నా సరిపోయే కథ దొరకదు. టీలు అందించి పైకొచ్చిన కుర్రాడు ఆయనే కదా. పాటల్లో హుషారు ఉంది, ఇత్తడి బ్యాండు మెరుపు ఉంది. అయినా నాటకం కొన్ని నెలలే ఆడింది. నాకు తోచే కారణం ఒకటుంది. హాచ్ చెయ్యి మూడు నిమిషాల్లో ఒక పూర్తి ప్రపంచం కట్టడానికి అలవాటుపడింది. రంగస్థలం మీద పాట పూర్తికాకూడదు. పాత్ర పాటలోకి ఒకలా వెళ్ళి ఇంకోలా బయటికి రావాలి, మిగిలింది తర్వాతి సన్నివేశానికి వదలాలి. ‘ది కార్డ్’లో ఒక్కో పాటా తనకు తానే చాలినంత నిండుగా ఉండటంతో, ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి అక్కడే ఆగుతాడు. ‘సబ్‌వే’ పాటలో మూడు ముక్కలతో ఒక మనసు మార్పు చూపించిన మనిషికి ఇది అందని విద్యేమీ కాదు. ఆ వేదిక ఆయనకు తగినన్ని అవకాశాలు ఇవ్వలేదని నా బాధ. 1990ల్లో మార్పులతో నాటకాన్ని మళ్ళీ వేశారు. ఆ బాణీలను వదులుకోవడానికి రంగస్థలంవాళ్ళకి మనసొప్పలేదన్నమాట. మధ్యలో క్రీస్తు జననం కథతో ‘రాక్ నేటివిటీ’ కూడా చేశారు.

1980ల్లో దంపతులు ఆస్ట్రేలియా వెళ్ళారు. అక్కడ రెగ్ వాట్సన్ ఉన్నారు. ఆస్ట్రేలియావాడే, ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ‘క్రాస్‌రోడ్స్’ నిర్మాత. ఇప్పుడు మెల్బోర్న్‌లో ఒకే వీధిలో ఉండే కుటుంబాల కథ మొదలుపెడుతున్నారు. ‘నైబర్స్’ 1985 మార్చి 18న మొదలైంది. పాట బాణీ హాచ్‌ది, మాటలు జాకీవి, పాడింది బ్యారీ క్రోకర్. పక్కింటివాళ్ళు కొంచెం ఒకరినొకరు అర్థం చేసుకుంటే స్నేహితులవుతారు. పాటలో ఉన్న విషయమంతా ఇంతే. ఇంత చిన్న విషయాన్ని బోధలా వినిపించకుండా పాడించడం తేలికనుకోకండి. బాణీ పేరు మాటతోనే మొదలవుతుంది, కాబట్టి టీవీ వైపు చూడనివాళ్ళకు కూడా ఏ సీరియల్ వచ్చిందో వెంటనే తెలుస్తుంది. గొంతు కలిపి పాడటానికి సంగీతం రావక్కర్లేదు. బ్రిటన్‌లో 1986 నుంచి బీబీసీ చూపిస్తే, బడినుంచి ఇంటికొచ్చిన పిల్లలు ఒక తరమంతా దాన్ని నోటికి నేర్చుకున్నారు. తర్వాత ఎంతమంది గాయకులు మారినా, ఎన్ని కొత్త తాళాలు వేసినా మూలం అదే.

2013లో అమెరికాలోని సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ హాచ్‌ని చేర్చుకుంది. జాకీ, ఆయనా అప్పటికే విడిపోయారు. ఆమె 2015లో మెనోర్కా దీవిలో కన్నుమూసింది.

హాచ్ పని ఇప్పుడు వినడం మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పే వరస ఇది. ముందు ‘డోంట్ స్లీప్ ఇన్ ది సబ్‌వే’ వినండి, మూడు భాగాలు ఎక్కడ మారుతున్నాయో చెవికి పట్టుకోండి. తర్వాత ‘ఎమర్‌డేల్’ 1972 నాటి కూర్పు వెతికి, ఓబో ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో గమనించండి. ‘డౌన్‌టౌన్’ ఆఖరుకు ఉంచుకోండి. మొదటిసారి గాయనిని వదిలేసి వాద్యాలు మాత్రమే వినండి, రెండోసారి పాటంతా.